కంప కొడితే చాలదు, వేరు తెగాలి

సంపాదకులకు,

నమస్కారం. వానలు మొదలైతే చాలు, అటవీ ఉద్యానవనాల్లో పిచ్చి మొక్కల తొలగింపు ఫొటోలు పత్రికల్లో కనిపిస్తాయి. చేతుల్లో కొడవళ్లు, వెనకాల గుట్టగా కంప, ముందు బ్యానరు. వచ్చినవాళ్ల మనసు మంచిదే, వాళ్లు కార్చిన చెమటా నిజమే. కానీ మూడు నెలల తర్వాత అదే చోటికి వెళ్లి చూడండి. కొట్టిన ప్రతి లాంటానా మోడుకూ ఐదారు కొత్త కొమ్మలు లేచి ఉంటాయి. నీడ పోయి ఎండ తగిలిన నేలంతా వయ్యారిభామ పరుచుకుని ఉంటుంది. ఏమీ చేయకపోయినా ఇంతకంటే మెరుగ్గా ఉండేది. ఇలా ఎందుకవుతుందో, కాకుండా ఉండాలంటే ఏం చేయాలో ఈ పని చేస్తున్నవాళ్లుగా మాకు తెలిసింది రాస్తున్నాం. మా మనవి ఒక్కటే: ఒక్కసారికి శుభ్రం చేసే మేర తగ్గించండి, అదే చోటికి తిరిగి రావడం పెంచండి.

ముందుగా లాంటానా సంగతి. పులికంప అని, తలంబ్రాల చెట్టు అని కూడా అంటారు. అమెరికా ఖండాల ఉష్ణమండలం దీని పుట్టిల్లు. పూల అందం చూసి తోటల కోసం 19వ శతాబ్దం తొలినాళ్లలో మన దేశానికి తెచ్చారు. ఆకు ముట్టుకుంటే గరుకు కాగితంలా ఉంటుంది, నలిపితే ఘాటు వాసన వస్తుంది. కాండం నాలుగు పలకలుగా ఉండి, వెనక్కి వంగిన చిన్న ముళ్లు ఉంటాయి. పశువులు దీని జోలికి రావు, ఆకలికి తాళలేక మేస్తే కాలేయం దెబ్బతింటుంది. చుట్టూ ఉన్న గడ్డినీ, లేత మొక్కల్నీ మేసి దీన్ని వదిలేస్తాయి కాబట్టి మేత ఎక్కువగా ఉన్నచోట మిగిలేది ఇదే. పండి నల్లబడిన కాయల్ని పిగిలిపిట్టలు, గోరింకలు తిని, వాలిన చెట్టు కింద విత్తనాలు రాలుస్తాయి. పెద్ద చెట్టు మొదట్లో లాంటానా పిల్లలు గుంపుగా మొలిచేది అందుకే.

దీని కాండం వేరుతో కలిసే చోట ముడిలా లావుగా ఉంటుంది. చిగుళ్లన్నీ పుట్టేది ఆ ముడి నుంచే. నేల మట్టానికి పైన ఎక్కడ కోసినా ఆ చిగుళ్లు మేలుకుంటాయి. గులాబీ కొమ్మ కత్తిరిస్తే మొక్క గుబురుగా వస్తుంది కదా, కొడవలి దెబ్బ లాంటానాకు అలాంటి కత్తిరింపే. కాబట్టి ఆ ముడికి దిగువన వేరు తెగాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు, ఆయన సహచరులు కార్బెట్ పులుల అభయారణ్యంలో ఈ పద్ధతి చేసి చూపించారు. పొక్లెయిన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు. నేలలో 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున, అంటే రెండు మూడు వేళ్ల లోతులో, తల్లివేరు తెగితే చాలు. కింద మిగిలిన వేరు మళ్లీ చిగురించదు, మట్టిలోనే కుళ్లిపోతుంది.

ఒక్కో పొద దగ్గర ముగ్గురు ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఒకరు దోటికర్రతో కొమ్మల్ని ఒక పక్కకు ఎత్తి పట్టుకోవాలి. రెండోవారు మొదట్లో పేరుకున్న ఆకుల్నీ మట్టినీ చేతి పారతో గీకి ముడి కనబడేలా చేసి, దాని కింద పికాసుతో వేరును కొట్టాలి. పికాసు నిలువుగా వేస్తే ముడి చీలుతుంది గానీ వేరు తెగదు. కాస్త ఏటవాలుగా, ముడి కిందికి దూరేలా వేయాలి. వేరు తెగాక మూడోవారు పొదను లాగి తలకిందులుగా పెట్టాలి, వేళ్లు పైకి ఉండాలి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. లాంటానా కొమ్మ తడి నేలకు ఆనితే కణుపు దగ్గర వేళ్లు పోసుకుంటుంది. కొట్టి నేలమీద పడేసిన పొద వానాకాలంలో ఉన్నచోటే మళ్లీ బతుకుతుంది. బండ మీదో, ముందే ఎండిన కంప మీదో వేస్తే ఆ భయం ఉండదు.

తవ్విన లోతు సరిపోయిందా అన్నది బయటికి వచ్చిన పొద అడుగు చూస్తే తెలుస్తుంది. లావు ముడి మొత్తంగా, దాని కింద సన్నబడుతూ పోయే వేరు ముక్క కనబడితే సరిగ్గా తెగినట్టు. ముడి మధ్యలో తెగి తెల్లటి కొయ్య కనబడితే సగం నేలలోనే ఉందన్నమాట, అప్పటికప్పుడే మళ్లీ తవ్వాలి. ఇంకో సంగతి. వంగి నేలను తాకిన కొమ్మలు అక్కడక్కడ వేళ్లూనుకుని ఉంటాయి. పైకి ఒకే పొదలా కనబడేది కింద మూడు నాలుగు మొదళ్లు కావచ్చు. పొద లాగాక చుట్టూ రెండు మీటర్ల మేర కాలితో తడిమి చూడకపోతే అవి మిగిలిపోతాయి.

కొట్టడం మొదలుపెట్టే ముందు పొద లోపలికి తొంగి చూడండి. ముళ్ల చాటున మేకలకు అందకుండా రేల, నేరేడు, బలుసు, కలివి లాంటి మన మొక్కలు బతికి ఉంటాయి. వాటికి ముందే ఎర్రగుడ్డ పీలిక కట్టకపోతే కంపతో పాటు అవీ పోతాయి. బయట నర్సరీ నుంచి తెచ్చి నాటే మొక్క కంటే అక్కడే మొలిచి వేరు దింపుకున్న మొక్క విలువ ఎక్కువ. పిట్ట గూడు కనబడితే ఆ పొదను అలాగే వదిలి, పిల్లలు ఎగిరిపోయాక రండి. ఒక్కరోజులో మొత్తం కంప తీసేస్తే కుందేళ్లకు, ముంగిసలకు, కౌజులకు దాక్కునే చోటుండదు. అందుకే ముక్కలు ముక్కలుగా, మధ్యలో కొంత వదిలి కొంత తీయాలి. వాలు నేలల్లో, వాగు గట్ల మీద అడ్డంగా పట్టీలుగా తీయాలి. లేకపోతే మొదటి పెద్ద వానకే పైమట్టి కొట్టుకుపోతుంది.

ఏది ఉంచాలో ఏది తీయాలో తెలియకపోవడం వల్ల జరిగే నష్టం సర్కారు తుమ్మ దగ్గర ఎక్కువగా కనబడుతుంది. తుమ్మజాతి ముళ్లు కనబడగానే నరికేవాళ్లున్నారు. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గర ముళ్లు జతగా ఉంటాయి. పూత పొడవాటి కంకిలా వేలాడుతుంది, కాయ బల్లపరుపుగా, కాస్త వంపుగా, పండితే గడ్డిరంగులో ఉంటుంది. జమ్మికీ ఆకు ఇంచుమించు అలాగే ఉంటుంది గానీ ముళ్లు చిన్నవి, కణుపుల మధ్యన కాండం పొడవునా చెదురుగా ఉంటాయి. నల్లతుమ్మకు పసుపుపచ్చటి చిన్న బంతుల్లాంటి పూలు, పూసలు గుచ్చినట్టు నొక్కులున్న కాయలు. జమ్మి, నల్లతుమ్మ మనవి, వాటిమీద కత్తి పడకూడదు. కంకి, కాయ లేని కాలంలో ముళ్లను చూసి గుర్తుపట్టడం వచ్చినవాళ్లు జట్టుకు ఒక్కరైనా ఉండాలి.

సర్కారు తుమ్మ విత్తనాల్ని తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటినట్టు అటవీ చరిత్రలో ఉంది. వంటచెరకు కోసం, బీడు భూముల కోసం తెచ్చింది ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. తియ్యటి కాయల్ని మేకలు, ఆవులు, అడవి పందులు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న విత్తనం వాటి పేడలో చెక్కుచెదరకుండా బయటపడి, మరింత తేలిగ్గా మొలుస్తుంది. చిటికెనవేలంత లావు దాటని మొక్కను వాన పడిన మర్నాడు గునపంతో ఎత్తి వేరుతో సహా లాగేయవచ్చు. మణికట్టంత లావైతే చుట్టూ అడుగు లోతు తవ్వి, చిగుళ్లుండే మొదలుకు దిగువన గొడ్డలితో కొట్టాలి. అంతకంటే పెద్ద చెట్టయితే సెలవురోజు వచ్చే జట్టు పని కాదు. నేల మట్టానికి నరికి వదిలేస్తే ఒక్క కాండం స్థానంలో పది లేస్తాయి, ముళ్ల గుబురు ఇంకా దట్టమవుతుంది. అలాంటివాటిని ఉద్యానవన సిబ్బందికి చూపించి, వాళ్లు నరికాక మనం నెలకోసారి వెళ్లి ప్రతి చిగురునూ విరిచేస్తూ ఉండాలి. ఆకు పెట్టనివ్వకుండా ఏడాదిపాటు పట్టుబడితే మోడు నీరసించి చచ్చిపోతుంది. రెండు నెలలు మరిచిపోతే మొదటికొస్తుంది.

పొక్లెయిన్ తెస్తే తొందరగా అయిపోతుంది కదా అంటారు. ఖాళీ బీడులో సరే. చెట్లున్న చోట అది పక్క చెట్ల వేళ్లను తెంపుతుంది, మట్టిని తిరగేసి అడుగున నిద్రపోతున్న కలుపు విత్తనాల్ని పైకి తెస్తుంది. కలుపు మందులు కూడా స్వచ్ఛంద సేవకుల చేతుల్లో ఉండకూడదు. ఎక్కడైనా తప్పదనుకుంటే శిక్షణ ఉన్న సిబ్బంది, అనుమతితో, మోడుకు మాత్రమే పూయాలి.

వయ్యారిభామ మీద యుద్ధం వేరే రకం. దీని బలం వేరులో లేదు, విత్తనంలో ఉంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా విత్తనాలు రాలుస్తుంది. మొలిచిన నాలుగైదు వారాలకే పూతకు రాగలదు. మన దేశంలో 1955లో పుణేలో మొదటిసారి గుర్తించారు, ఇప్పుడు ప్రతి రోడ్డు పక్కా ఉంది. ఆకులు చామంతి ఆకుల్లా చీలి నేలకు అతుక్కుని వృత్తంలా పరుచుకున్న దశలోనే, నేల తడిగా ఉన్నప్పుడు పీకాలి. ఎండిన నేలలో లాగితే మొదలు దగ్గర పుటుక్కున తెగి మళ్లీ చిగురిస్తుంది. పూతకు ముందు పీకినవాటిని గుంటలో వేసి కంపోస్టు చేయవచ్చు. తెల్లపూలు కనబడ్డాక మాత్రం మొక్క ఊపకుండా, ముందు తలను సంచిలోకి వంచి, ఆ తర్వాత పీకాలి. ఆ సంచులు కంపోస్టు గుంటలోకి పోకూడదు. ఒక్కసారి పీకితే అయిపోదు. వానాకాలం పొడుగునా మూడు వారాలకోసారి అదే చోటికి వెళ్లాలి.

రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, మాస్కు లేకుండా దీన్ని ముట్టుకోకూడదు. చర్మం మీద దద్దుర్లు, దురద, తుమ్ములు, ఆయాసం వస్తాయి. మొదటిరోజు ఏమీ కాకపోయినా, పదేపదే తగలడం వల్ల ఒంటికి పడని స్థితి వచ్చి తర్వాత ఒక్క ఆకు తగిలినా మంట పుడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఈ పని అప్పగించవద్దు, దోటికర్ర పట్టుకునే పని ఇవ్వండి. ఉప్పునీళ్లు చల్లితే మాడిపోతుందన్న సలహా తరచూ వినబడుతుంది. మాడేమాట నిజమే, కానీ చెట్ల కింద ఆ ఉప్పు మట్టిలో మిగిలి, మనం కాపాడాలనుకున్న మొక్కల్నీ చంపుతుంది. అడవి తోటలో అది పనికిరాదు.

వానాకాలంలో వయ్యారిభామ ఆకులు జల్లెడలా కనబడితే అక్కడ ఆగండి. మీగడ రంగు వీపు మీద ముదురు గోధుమరంగు వంకర చారలున్న చిన్న పెంకుపురుగు కనబడుతుంది, కంది గింజకు కాస్త పెద్దది. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జీవి అది, వయ్యారిభామ ఆకే దాని ముఖ్యమైన తిండి. ఎండాకాలం నేలలో దాక్కుని వానలతో పాటు బయటికి వస్తుంది. అది దట్టంగా పట్టిన చోట పీకడం మాని, పురుగు లేని చోట పీకితే మన శ్రమా మిగులుతుంది, దాని పనీ సాగుతుంది.

సుబాబుల్ గురించి రెండు మాటలు. నరికితే చిగురిస్తుంది, కాయలు గుత్తులుగా కాసి విత్తనాలు ఏళ్ల తరబడి మట్టిలో బతికుంటాయి. పిల్ల మొక్కల్ని తడి నేలలో పీకడం, కాయ కాసే పెద్ద చెట్లను సిబ్బందితో తీయించడం, అంతే.

తీసిన కంప ఎక్కడికి పోవాలన్నది పని మొదలుకాక ముందే తేల్చుకోవాలి. పండిన కాయలున్న కొమ్మల్ని టార్పాలిన్ మీద కోసి, దాంట్లోనే చుట్టి ఒకేచోట చేర్చాలి. తోట పొడవునా ఈడ్చుకుపోతే దారంతా విత్తనం చల్లినట్టే. ఆ కుప్పల చుట్టూ మరుసటి వానాకాలం మొలకలు వస్తాయి, వాటిని పీకేయాలి. కాయలు లేని కంప చాలా పనికొస్తుంది. వాలు నేలలో అడ్డంగా పేరిస్తే మట్టి ఆగుతుంది, మిగిలిన మన మొక్కల చుట్టూ గుచ్చితే మేకలు రావు. లాంటానా కొమ్మలతో బుట్టలు, కుర్చీలు అల్లేవాళ్లున్నారు, వాళ్లకు ఇవ్వచ్చు. నిప్పు మాత్రం పెట్టవద్దు. మంట పైపైన కాల్చి పోతుంది, లాంటానా మొదలు నుంచి చిగురిస్తుంది, చచ్చేది మన లేత మొక్కలు, నేలలోని వాటి విత్తనాలు.

ఇక పనిముట్లు, జాగ్రత్తలు. పదిమందికి మూడు పికాసులు, రెండు గునపాలు, మూడు దోటికర్రలు, రెండు గొడ్డళ్లు, ఒక చేతిరంపం చాలు. పనిముట్లు ఎక్కువైతే దెబ్బలు ఎక్కువవుతాయి. పిడులకు ముదురు పసుపు రంగు వేస్తే కంపలో పోవు, సాయంత్రం లెక్క సరిపోతుంది. పికాసు ఎత్తేవారికి అన్నివైపులా మూడు మీటర్లు ఎవరూ ఉండకూడదు. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు చెప్పును, పలచటి బూటు అడుగును నేరుగా చీల్చుకుని దిగుతుంది. గట్టి అడుగున్న బూట్లు, తోలు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ముల్లు విరిగి లోపల ఉండిపోతే పిన్నీసుతో కెలక్కుండా డాక్టరుకు చూపించాలి, ధనుర్వాతం టీకా సంగతీ అడగాలి. పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో నేలను తట్టాలి, పాములు తప్పుకుంటాయి. ఎండ ముదరకముందే మూడు గంటల్లో ముగించాలి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. పిల్లలు వస్తే పికాసు వద్దు, లాంటానా మొలకలు పీకే పని వాళ్ల వేళ్లకు సరిగ్గా సరిపోతుంది. వెళ్లేముందు అందరూ బూటు అడుగుల మట్టిని, ప్యాంటు మడతల్ని బ్రష్షుతో దులపాలి. వయ్యారిభామ విత్తనం ఒక చోటి నుంచి మరో చోటికి పోయేది ఆ బురదతోనే.

మొదటిసారి వచ్చే పదిమందికి పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు ఉన్న ముక్క చాలు. తక్కువగా అనిపిస్తుంది, కానీ దాని తర్వాతి పని చూడండి. మూడు నాలుగు వారాలకు మొదటి తనిఖీ: తెగని ముడుల నుంచి వచ్చిన చిగుళ్లు, వాటిని తవ్వాలి. రెండు నెలలకు మొలకల వంతు. ఎండ తగలగానే మట్టిలోని లాంటానా విత్తనం వందల్లో మొలుస్తుంది, వేలెడు ఎత్తులో ఉన్నప్పుడు రెండు వేళ్లతో వచ్చేస్తుంది, మోకాలి ఎత్తుకు వస్తే మళ్లీ పికాసే. వానలు వెనకబట్టాక ఇంకోసారి. రెండో ఏడు రెండుసార్లు, మూడో ఏడు ఒకసారి. పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద మాత్రం ప్రతి ఏడూ వెళ్లాల్సిందే. నాలుగు కర్రలతో మీటరు చదరం చట్రం కట్టి, ప్రతిసారీ అదే ఐదు చోట్ల నేలమీద పెట్టి, లోపల ఎన్ని మొలకలున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాయండి. అంకె తగ్గుతుంటే పని సాగుతున్నట్టు. తగ్గకపోతే దగ్గర్లో కాసే పొద ఏదో మిగిలిపోయింది, దాన్ని వెతకాలి.

ఖాళీ అయిన నేలను ఖాళీగా వదిలితే కలుపే వస్తుంది. అలాగని వెంటనే వరుసలు కట్టి చెట్లు నాటేయనక్కర్లేదు. ముందు గడ్డి రావాలి. చుట్టుపక్కల మంచి నేలలో పండిన మన గడ్డి కంకులు కోసి తెచ్చి చల్లితే వానాకాలంలో పట్టుకుంటుంది, మొలకలకు ఎండ అందకుండా చేస్తుంది. తర్వాత తంగేడు, వావిలి, కలివి లాంటి పొదలు, ఆ పైన మోదుగ, నేరేడు, రేల లాంటివి. కొన్ని చోట్ల లాంటానా తీసిన నేలలో తొందరగా పచ్చబడుతుందని సుబాబుల్, కోనోకార్పస్ పెడుతున్నారు. ఒక బయటి మొక్కను తీసి ఇంకోదాన్ని పెట్టడానికా ఇంత చాకిరీ?

ఉద్యానవనాలు చూసే అధికారులకు ఒక విన్నపం. అటవీ భూమిలో అనుమతి లేకుండా మొక్క పీకినా నేరమే, అది సరైన నిబంధనే. కానీ ఇచ్చే అనుమతి ఒక్క ఆదివారానికి కాక, ఒక జట్టుకు, ఒక ముక్కకు, మూడేళ్లకు ఇవ్వండి. ఆ ముక్క మూలల్లో రాళ్లు పాతి నెంబరు రాయండి. పనిముట్లు పెట్టుకోవడానికి తాళం ఉన్న ఒక గది చూపించండి. మొదటి రెండు వారాలు మొక్కల్ని గుర్తుపట్టగల సిబ్బంది ఒకరు దగ్గరుంటే, జమ్మి చెట్లు బతుకుతాయి.

మీ పత్రికకు కూడా ఒకటి. తొలగింపు రోజు ఫొటోతో పాటు, ఏడాది తిరిగాక అదే రాయి దగ్గర నిలబడి తీసిన ఫొటో కూడా పక్కపక్కన వేయండి. ఈ వానాకాలంలో కార్యక్రమం పెట్టుకునే నిర్వాహకులు బ్యానరు మీద ఆ రోజు తేదీ కింద తర్వాతి నాలుగు తనిఖీల తేదీలు కూడా రాయిస్తే, వచ్చినవాళ్లలో కనీసం సగంమంది వాటిని తమ క్యాలెండర్లలో అప్పటికప్పుడే రాసుకుంటారు.

ఇట్లు,
అటవీ ఉద్యానవనంలో కలుపు తీసే స్వచ్ఛంద సేవకులు